పదకొండు చేల బూడిద

మృగశిర కార్తె, మూడో రోజు
వలస వచ్చిన నలభై ఆరో ఏడు

పొద్దున్నే షఫీయక్క వచ్చింది. మా తెల్లగుట్ట కాలనీ కాన్పుల ఆసుపత్రికి ఆమె ఒక్కతే డాక్టరు. ఎప్పుడూ వరండాలో నుంచే మాటలు మొదలుపెట్టి లోపలికి వచ్చే మనిషి, ఈ రోజు ఉలుకూ పలుకూ లేకుండా వచ్చి నా బల్ల ముందు కూర్చుంది.

"ఈ నెలలో మూడో మనిషి పోయింది పెంచలా," అంది. "కాన్పు బాగానే అయింది. ఆ కాస్త రక్తం పోతే తట్టుకోల్యాక పాయ. ఒంట్లో ఉంటే గదా తట్టుకునేది."

కోటు జేబులోంచి ఒక పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. కాలనీని నడిపే మండలి పచ్చ ముద్ర ఉన్న గుంటగలగర పొడి. రక్తం పట్టడానికని కడుపుతో ఉన్న ప్రతి ఆడమనిషికీ నెలకు ఆరు పొట్లాలు ఇస్తారు. ఇనుప బిళ్ళలు తెచ్చే ఓడ రావడం మానేసి రెండేళ్ళయింది. ఇప్పుడు ఆకుపొడే గతి.

"ముగ్గురూ ఒక్క పొట్లం గూడా మానకుండా తాగినోళ్ళే. దీంట్లో ఏముందో జూడు."

"విషమేం లేదక్కా. నేనే జూసి పంపినా గదా."

"ఏం లేదో నేనడగల్యా. ఏముందో అడుగుతాండా."

మండలి పరీక్షాశాలను చూసుకునేది నేనే. పదిహేడేళ్ళుగా నా పని ఇదే. మట్టి లేకుండా నీళ్ళ తొట్లలో మొక్కలు పెంచే షెడ్లలో పండిన మందుమొక్కలు నా దగ్గరికి వస్తాయి. ఆరబెట్టి, పొడి కొట్టి, రెండు గ్రాములు తూచి, పింగాణీ మూసలో పెట్టి నాలుగువందల యాభై డిగ్రీల పొయ్యిలో తెల్లటి బూడిద అయ్యేదాకా కాలుస్తాను. బూడిదను యాసిడ్‌లో కరిగించి, యంత్రంలోని మంటలోకి పిచికారీ చేసి, మంట గుండా దీపం వెలుగు ఎంత తగ్గిందో చూస్తాను. ఒక్కో లోహానికి ఒక్కో దీపం. మండలి ఇచ్చిన ఫారంలో రెండే గడులు: సీసం, కాడ్మియం. ఉండకూడనివి. రెండు గడుల్లోనూ "లేదు" అని రాసి సంతకం పెడతాను. ఉండవలసిన వాటికి గడి లేదు.

షఫీయక్క లేచేముందు ఇంకో మాట అంది. "సుంకులును నిన్న జూసినా. రక్తం ఏడు పాయింట్లుండాది."

సుంకులు చనిపోయిన మా అక్క కూతురు. ఇరవై మూడేళ్ళు. ఐదో నెల.

మృగశిర, ఆరో రోజు

బీరువా అడుగున దూదిలో చుట్టిన ఇనుము దీపం, జింకు దీపం దొరికాయి. నాకు ముందు పనిచేసినాయన దాచినవి. నా హయాంలో ఒక్కసారీ వెలిగించలేదు. ఇనుము దీపం వేడెక్కి నిలకడ కావడానికి అరగంట పట్టింది. ఇక వెలగదేమో అనుకున్నాను.

మండలి పొడి: కిలోకు ఇనుము ఇరవై ఎనిమిది మిల్లీగ్రాములు. జింకు ఐదు. పాత పాఠ్యపుస్తకంలో నేల మీద పెరిగిన ఇదే ఆకుకు ఇనుము మూడువందల నుంచి ఆరువందల దాకా ఉంది. మూసలు యాసిడ్‌తో కడిగి మళ్ళీ చేశాను. ఇరవై తొమ్మిది.

మృగశిర, తొమ్మిదో రోజు

షెడ్ల వాళ్ళను అడిగాను. దాచకుండా చెప్పారు. తొట్లలో పోసేది సముద్రం నీటిని ఆవిరి చేసి దించిన నీళ్ళు. అందులో సహజంగా ఏమీ ఉండదు. పైనుంచి కలిపే లవణాలే మొక్కకు ఆహారం. ఓడ ఆగాక లవణాలు తగ్గించారు. "ఆకు పచ్చగుంటే చాలన్న్యారు. పచ్చగానే ఉండాది గదా," అన్నాడు షెడ్డు మేస్త్రి.

నిజమే. మొక్క బతకడానికి సరిపోయేంత ఉంది. దాన్ని తిన్నవాళ్ళ కోసం ఏమీ మిగల్లేదు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరూ అడగలేదు, అంతే. అడగవలసినదాన్ని నేనే.

ఆరుద్ర కార్తె, రెండో రోజు

నీటి నమూనాలు తెచ్చుకోవడానికి నాకు కాలనీ కంచె దాటే అనుమతి ఉంది. ఆ చీటీతోనే ఈ రోజు అవతలి గుట్టకు, ఉడుములబోడుకు వెళ్ళాను. కంచె అవతల నేల మీద పండినది తినడం మా కాలనీలో నేరం. వలస వచ్చిన పంతొమ్మిదో ఏట అలా తిన్న పదమూడు మంది పిల్లలు సీసం విషంతో చనిపోయారు. అప్పుడు నాకు పదిహేడేళ్ళు. ఆ వరస పాడెలు ఇంకా కళ్ళకు కట్టినట్టే ఉన్నాయి.

నిషేధం పెట్టిన రోజు ఓబుళవ్వ కాలనీ వదిలి బోడు ఎక్కింది. ఇరవై ఏడేళ్ళుగా అక్కడే ఉంటోంది. డెబ్బై దాటినా నడుం వంగలేదు. గట్టు వాలులో మెట్లు మెట్లుగా పదకొండు చిన్న చేలు. గుంటగలగర, గలిజేరు, తిప్పతీగ, నేలఉసిరి. నన్ను చూసి కొడవలి కింద పెట్టలేదు.

"మండలి దానివి, నీకేం పని ఈడ?"

"ఆకు కావాల అవ్వా."

"తినేకా, కాల్చేకా?"

"మొదట కాల్చేకి. బాగుంటే తినేకి."

నవ్వింది. మంచినీళ్ళిచ్చింది. బావి నీళ్ళు. పదిహేడేళ్ళ వయసులో మానేసిన రుచి అది. నాలుక మీద కొద్దిగా ఉప్పగా, బరువుగా అనిపించింది. పైచేలో గుంటగలగర కోసి ఇచ్చింది. తర్వాత కింద వాననీళ్ళు పారే వంక పక్కనున్న పదకొండో చేనుకు తీసుకుపోయింది. అక్కడ ఆకు అరచేయంత ఏపుగా ఉంది.

"ఇది మా ఆయన చదును చేసిన చేను. ఇట్లాంటి ఆకు నువ్వు యాడా సూసుండవు. పోరాదూ, దీన్నే కాల్చుకో."

రెండు చోట్లా కోసుకున్నాను.

ఆరుద్ర, ఆరో రోజు

ఆకును మూడుసార్లు కడిగాను. కడగడం సరిగా లేకపోతే మట్టిలోని ఇనుము ఆకులోని ఇనుముగా కనబడి మోసం చేస్తుంది.

పైచేను: ఇనుము ఐదువందల ఇరవై. జింకు నలభై ఒకటి. సీసం ఒకటి. కిలోకు పది దాకా పర్వాలేదు.

వంక చేను: ఇనుము ఆరువందల పది. జింకు ఎనభై ఎనిమిది. సీసం నూటఎనభై.

సీసం అంకె చూసి దీపం ఆర్పేసి, మళ్ళీ వెలిగించి చూశాను. నూటఎనభై రెండు. వంక పైన పాత గని ఉంది. వానలకు దాని రాళ్ళపొడి అంతా కిందికి కొట్టుకొస్తుంది. ఒకే బోడు మీద ఒక చేను మందు, ఇంకో చేను చావు. కంటికి మాత్రం చావే బాగా పచ్చగా ఉంది.

ఆరుద్ర, ఎనిమిదో రోజు

ఓబుళవ్వకు చెప్పాను. నమ్మలేదు.

"నేను తిన్యానే! నాకేమైంది?"

"నువ్వు తినేది పైచేనిది. దీన్ని అమావాస్యకో పున్నానికో ఒకసారి కోస్తావ్. నిజమా కాదా?"

కొడవలి తీసుకుని గట్టు మీది గడ్డి కోయడం మొదలుపెట్టింది.

"పీకేయాల అవ్వా. చేను మొత్తం."

"మొదులు మండలోళ్ళు నేలంతా చెడ్డదన్న్యారు. ఇప్పుడు నువ్వొచ్చి, మా ఆయన చెమటోడ్చిన చేనొక్కటి చెడ్డదంటాండావ్. వాళ్ళే మేలు. పో మేయ్, పో."

అయినా మిగిలిన అన్ని చేలలోనూ ఆకు కోసుకుంటుంటే అడ్డు చెప్పలేదు. గుడిసె గుమ్మంలో వీపు తిప్పుకుని కూర్చుంది.

పునర్వసు కార్తె, మొదటి రోజు

పదకొండూ అయ్యాయి. మొదటి ఏడు చేలు శుభ్రం. ఎనిమిదో చేను సీసం పద్నాలుగు, హద్దు దాటింది. తొమ్మిది, పది ఇంకా ఎక్కువ. పదకొండు సంగతి ముందే రాశాను.

ఇంకోటి కూడా దొరికింది. పంతొమ్మిదో ఏటి రిజిస్టరు. నిషేధానికి ఆధారమైన పరీక్ష ఇదే గదిలో జరిగింది. ఒకే వరుస: "ఉడుములబోడు, వంక అడుగు. సీసం రెండువందల పది." ఆ తర్వాత పేజీ ఖాళీ. ఒక్క చేను, ఒక్క గుప్పెడు ఆకు. దాని మీద ఇరవై ఏడేళ్ళుగా అరవై వేల మంది నేల మీద పండింది ముట్టలేదు.

రెండు పేజీల నివేదిక రాసి మండలికి పంపాను. మండలి పొడిలో ఇనుము ఎంతో, పైచేల ఆకులో ఎంతో, వంక చేలో సీసం ఎంతో, ఏదీ దాచలేదు.

పునర్వసు, ఐదో రోజు

ఆరోగ్య పర్యవేక్షకుడు సీతాపతి గారు స్వయంగా వచ్చారు. సన్నటి మనిషి, యాభై దాటిన వయసు, గొంతు ఎప్పుడూ పెంచరు. నా నివేదిక చేతిలో ఉంది. నిలబడే మాట్లాడారు.

"మీ పరీక్ష తప్పని నేననడం లేదు పెంచలమ్మ గారూ. కానీ ఇది బయటికి పోకూడదు."

"యెందుకు సార్?"

"ఏడు చేలు మంచివి, నాలుగు చెడ్డవి అంటారు మీరు. జనానికి వినబడేది 'నేల మంచిది' అని ఒక్కటే. వాళ్ళు చేలు లెక్కపెట్టుకుంటారా? పెద్ద ఆకు ఎక్కడుంటే అక్కడ కోసుకుంటారు. పంతొమ్మిదో ఏట అదే జరిగింది. అప్పుడు నేను ఆసుపత్రిలో కాంపౌండరుని. పదమూడు మంది పిల్లల్ని నా చేతులతో మోశాను." నివేదిక బల్ల మీద పెట్టారు. "పదమూడో బిడ్డ మా పాప."

నాకు ఆ సంగతి తెలియదు. కానీ నా బల్ల మీద షఫీయక్క ఇచ్చిన కాగితం ఉంది. పోయిన నెలలో చనిపోయిన ముగ్గురి పేర్లు. దాన్ని ఆయన ముందు పెట్టాను.

"వీళ్ళు గూడా ఒకరి పాపలే సార్."

చదివారు. మడిచి తిరిగి నాకే ఇచ్చారు. "ఇనుము దీపం, జింకు దీపం రేపటికల్లా మండలి కార్యాలయానికి పంపించండి. మీ ఫారంలో ఉన్నవి రెండే గడులు."

పంపలేదు. పంపనని కాగితం మీద రాసి, సంతకం చేసి, అది పంపాను.

పునర్వసు, ఎనిమిదో రోజు

సుంకులును కూర్చోబెట్టి అంతా చెప్పాను. అంకెలు, నిషేధం, పట్టుబడితే ఏమవుతుందో కూడా. షఫీయక్క పక్కనే ఉంది. నిర్ణయం నా నోటితో చెప్పకూడదని గట్టిగా అనుకున్నాను.

"చిన్నమ్మా, నువ్వయితే తింటావా?"

"మూడు దినాల నుంచి తింటాండా."

"అయితే ఇంతసేపు ఏం జెప్తాండావ్! తే ఇట్ల," అంది.

రోజూ పైచేల గలిజేరాకు, గుంటగలగరాకు తాలింపు. ఒంటికి ఇనుము పట్టాలంటే పులుపు తోడు కావాలని షఫీయక్క ఉసిరి పచ్చడి నంజుకోమంది. ఆకు నేనే తెస్తున్నాను. ఓబుళవ్వ నాతో మాట్లాడటం లేదు. కానీ నేను వెళ్ళేసరికి పైచేల ఆకు కట్ట గట్టు మీద పెట్టి ఉంటోంది.

ఆశ్లేష కార్తె, పదో రోజు

సుంకులు రక్తం తొమ్మిది. కింది రెప్ప తిప్పి చూశాను. ఎర్రగా ఉంది. చాలా రోజుల తర్వాత కడుపు నిండా అన్నం తిన్నాను.

షఫీయక్క పుష్యమి కార్తె మొదట్లోనే ఇంకో పదకొండు మందికి రహస్యంగా మొదలుపెట్టింది. మూటలు మోసుకొచ్చేది నేనే.

మఖ కార్తె, ఏడో రోజు

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు.

షెడ్లలో పనిచేసే ఈరమ్మకు ఐదో నెల. మా పదకొండు మందిలో ఆమె లేదు. ఆసుపత్రి వరండాలో ఎవరో ఎవరితోనో "ఉడుములబోడు ఆకు తింటే రక్తం పడుతుంది" అనుకుంటుంటే వింది. ఏ చేనో వినలేదు. ఆమె మొగుడు కంచె కింద దూరి వెళ్ళి, అన్నిటికంటే పెద్ద ఆకు ఉన్న చేను చూసుకుని, గోతాలకు గోతాలు కోసుకొచ్చాడు. ఎండబెట్టి పొడి కొట్టి రోజూ దోసెడేసి కలిపి తాగింది. నెల రోజులు.

నిన్న కడుపునొప్పితో మెలికలు తిరుగుతుంటే తెచ్చారు. చిగుళ్ళ మీద నీలిగీత. ఈ తెల్లవారుజామున కడుపు పోయింది. ఈరమ్మ బతుకుతుందని షఫీయక్క అంటోంది.

ఆసుపత్రికి వెళ్ళాను. ఈరమ్మ నన్ను గుర్తుపట్టింది.

"ఏ చేనో నీకు తెల్సంట గదా అక్కా," అంది. గొంతులో కోపం కూడా లేదు. "అందరికీ యేల జెప్పల్యా?"

మఖ, ఎనిమిదో రోజు

ఉడుములబోడుకు వెళ్ళి ఓబుళవ్వకు చెప్పాను. విని లేచి, కొంగు బిగించి, వంక చేలోకి దిగి మొక్కలు వేళ్ళతో సహా పీకడం మొదలుపెట్టింది. నేనూ దిగాను. సాయంత్రానికి సగం చేను అయింది. చివర్లో అంది:

"మొగుని మీది ప్రేమతో ఒక బిడ్డను జంపినా."

"నువ్వు కాదవ్వా. నేను గుసగుసగా జెప్పినా. గట్టిగా జెప్పాల్సింది."

దారంతా అదే ఆలోచించాను. సీతాపతి గారి భయం నిజమైంది. ఆయన మందు మాత్రం తప్పు. జనం చేలు లెక్కపెట్టుకోలేరు కాబట్టి చెప్పవద్దన్నారు. చెప్పలేదు కాబట్టే లెక్కపెట్టుకోలేకపోయారు. ఆయన దాచమన్న అంకెను నేనూ దాచాను, మంచి పని పేరుతో. ఇకమీదట దాచను.

మఖ, పదకొండో రోజు

తెల్ల సున్నం, ఎర్ర రంగు తీసుకుని బోడుకు వెళ్ళాను. పదకొండు చేల గట్ల మీద పదకొండు రాళ్ళు నిలబెట్టి అంకెలు రాశాను. సీసం ఎంత, ఇనుము ఎంత. ఏడు రాళ్ళు తెలుపు, నాలుగు ఎరుపు. అవే అంకెలు కాలనీ రేషను దుకాణం గోడ మీద పట్టపగలు రాశాను. కింద నా పేరు, పరీక్షాశాల పేరు రాశాను. మొదట్లో ఒకరిద్దరు ఆగి చూశారు. మధ్యాహ్నానికి చదువు రానివాళ్ళకు చదువొచ్చినవాళ్ళు చదివి వినిపిస్తున్నారు.

మఖ, పన్నెండో రోజు

పొద్దున్నే సీతాపతి గారు ఇద్దరు కావలివాళ్ళతో వచ్చారు. నన్ను పనిలోంచి ఆపేశారు. పరీక్షాశాలకు తాళం, తాళం మీద లక్క ముద్ర. ఇప్పటిదాకా రాసిన దినచర్య నా సొంత నోటుపుస్తకం కాబట్టి వదిలేశారు.

"ఈరమ్మ సంగతి తెలిసి కూడా గోడ మీద రాశారా?" అన్నారు.

"ఈరమ్మ సంగతి తెల్సే రాసినా సార్."

గోడకు సున్నం కొట్టించారు. బోడు మీది రాళ్ళ జోలికి మాత్రం ఎవరూ పోలేదు. నిషేధం పెట్టినవాళ్ళే ఆ నేల తొక్కడానికి భయపడ్డారు.

ఉత్తర కార్తె, పదకొండో రోజు

సుంకులుకు ఆడపిల్ల. రక్తం బాగానే పోయింది. ఒక దశలో షఫీయక్క గుడ్డలందించమని నన్ను కూడా లోపలికి పిలిచింది. కానీ ఆగింది. ఒంట్లో ఉంది కాబట్టి తట్టుకుంది. అంతకు ముందు రోజు అదే మంచం మీద పొట్లాల పొడి మాత్రమే తాగిన ఒకామె చనిపోయింది. నాలుగో పేరు.

షఫీయక్క చేతులు కడుక్కుంటూ అంది: "వరండాలో నలభై మంది కూర్చోనుండారు. చేతుల్లో యాడ్యాడి ఆకులో. యా గుట్టదో, యా వంకదో. 'ఇది తినొచ్చా మేడం' అని అడుగుతాండారు. నా కంట్లో సీసం దీపం ల్యాదు గదా. నీ యంత్రం కావాల పెంచలా."

"ముద్ర ఏసినారక్కా."

"లక్కే గదా," అంది.

హస్త కార్తె, రెండో రోజు

లక్క ముద్ర నేనే పగలగొట్టాను. పొద్దున తొమ్మిది గంటలకు, వీధిలో అందరూ చూస్తుండగా. యంత్రం రెండు కుట్టుమిషన్లంత ఉంటుంది. ఎనిమిది మంది ఆడవాళ్ళు ఎత్తారు. ఇద్దరు గ్యాసు సిలిండరు దొర్లించారు. పొయ్యిని షెడ్డు మేస్త్రి భుజాన పెట్టుకున్నాడు. తన భార్య కూడా కడుపుతో ఉందట, ఇంతకుముందు చెప్పలేదు. నేను దీపాలను దూదిలో చుట్టి గుండెకు హత్తుకుని నడిచాను. కంచె దాటి బోడు మీద పెట్టాలని మా ఆలోచన.

పెద్ద గేటు దగ్గర కావలివాళ్ళు కర్రలు అడ్డం పెట్టారు. సీతాపతి గారు వచ్చారు.

"ఇది మండలి సొత్తు. బయటికి పోదు."

"అయితే ఈడ్నే పెడ్తాం," అన్నాను.

నిజంగానే అక్కడే దించాం, గేటు మధ్యలో. కావలి గదిలోంచి కరెంటు తీగ లాగాను. కావలివాడు వద్దనబోయి, యంత్రం మోసినవాళ్ళలో తన చెల్లెల్ని చూసి ఊరుకున్నాడు. అరగంటలో సీసం దీపం వెలిగింది.

"రేపు మీ అంకె చూసి తిని ఒక బిడ్డ చస్తే?" అని అడిగారు సీతాపతి గారు. అందరికీ వినబడింది.

"చస్తే నా పేరు రాయండి సార్. గోడ మీద రాసిన మాదిరే, పెద్దగా. మీ పొట్లాలు తాగి చచ్చిన నలుగురి పక్కన ఎవురి పేరు రాస్తారో గూడా చెప్పండి."

ఆయన తిరిగి వెళ్ళిపోయారు. కావలివాళ్ళకు మమ్మల్ని తీసేయమని కూడా చెప్పలేదు.

హస్త, నాలుగో రోజు

వరుస రేషను దుకాణం దాకా ఉంది. కడగడం ఒకరు, ఆరబెట్టిన ఆకు దంచడం ఇద్దరు, తూచడం సుంకులు, పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని. ఓబుళవ్వ ఇరవై ఏడేళ్ళ తర్వాత గేటు లోపలికి వచ్చింది. పదకొండు చేల ఆకులూ విడివిడి మూటలుగా తెచ్చి, ఎర్ర రాళ్ళవి ముందు పెట్టింది.

"నా చేలే. ముందు చెడ్డవి జదువు, అందరూ ఇననీ."

చదివాను. వరుసలో ఈరమ్మ కూడా ఉంది, మొగుడి భుజం పట్టుకుని. ఆమె చేతిలో ఆకు లేదు. పదకొండో మూట అంకె చదువుతున్నప్పుడు ముందుకొచ్చి, "ఇంకోసారి జదువక్కా," అంది. ఇంకోసారి చదివాను. ఈసారి గట్టిగా.

హస్త, ఆరో రోజు

మధ్యాహ్నం సీతాపతి గారు ఒక్కరే వచ్చారు. వరుస తప్పుకుని దారి ఇచ్చింది. ఆయన ఆ దారి తీసుకోలేదు. చివరికి పోయి నిలబడ్డారు. ఎండలో రెండు గంటలు. వంతు వచ్చాక అన్నారు:

"వంక చేను చూపించండి. తర్వాత పైచేను. నేనే చూస్తాను."

పక్కకు జరిగాను. ఆయన వంగి చూశారు. వంక చేని ద్రావణం మంటలోకి వెళ్ళగానే యంత్రం మీది ముల్లు ఎగిరింది. ఆయన చెయ్యి బల్ల అంచును పట్టుకుంది. పైచేనిది పెట్టాను. ముల్లు కదలీ కదలనట్టు ఊరుకుంది. చాలాసేపు చూశారు. మళ్ళీ పెట్టమన్నారు. పెట్టాను. ఇంకోసారి కూడా.

"అప్పుడు ఆ గదిలో రెండో నమూనా పెట్టమని అడగాలని నాకు తోచలేదు," అన్నారు, నాతోనో తనతోనో. "తోచినా అడిగేవాణ్ణి కాదేమో. ఏ నేల వల్ల పాప పోయిందో వెతకడం కంటే, నేలంతటినీ తిట్టుకోవడం తేలిక."

"రెండో నమూనాకు ఇప్పుడు ఇరవై ఏడేండ్లు ఆలస్యమైంది సార్. మూడోదానికి కానియ్యకండి."

ఆయన ముఖం గట్టిపడింది. ఓదార్పు మాట అనాల్సిందేమో. నాకు ఆ నలుగురి పేర్లు గుర్తొచ్చాయి. అనలేదు.

హస్త, పదో రోజు

మండలి ఆజ్ఞ వచ్చింది. గుమాస్తా గేటు స్తంభానికి అతికించాడు. తొట్ల పొడిలో ఇక ఇనుము, జింకు కూడా చూడాలి. పరీక్ష చేసిన చేలలో సీసం పదికి లోపు ఉన్నవాటి ఆకు తినవచ్చు, మిగిలినవి ముట్టకూడదు. కింద చేల పట్టిక. ఆఖరి వాక్యం నా గురించి: ముద్ర పగలగొట్టినందుకు, సొత్తు తరలించినందుకు పెంచలమ్మను ఉద్యోగం నుంచి తొలగించడమైనది.

తినవచ్చు అన్న మాటకు ఆడవాళ్ళు ఈలలు వేశారు, ఓబుళవ్వ సుంకులు బిడ్డను ఎత్తుకుని గిరగిరా తిప్పింది. షఫీయక్క నా వీపు మీద ఒక్కటి చరిచింది.

నేను పట్టిక చదువుతున్నాను. తినదగినవి ఏడు ఉండాలి. ఎనిమిది ఉన్నాయి. ఎనిమిదో చేను సీసం నాలుగు అని పడింది. నా లెక్కలో పద్నాలుగు. రెండుసార్లు కొలిచిన పద్నాలుగు. ఎత్తిరాసేటప్పుడు గుమాస్తా ఒక అంకె వదిలేశాడు.

వెనక ఎవరో అన్నారు, "ఉండనీ మేయ్, ఇంకో చేను కలిసొస్తాది గదా."

కలం తీసి, నాలుగును కొట్టేసి పద్నాలుగు రాశాను. ఎనిమిదో చేనును తినదగినవాటి వరుసలోంచి కొట్టేశాను. పక్కన నా సంతకం పెట్టాను.

గుమాస్తా పరుగెత్తుకొచ్చాడు. "ఏందమ్మా ఈ పని? అది మండలి ఆజ్ఞ! నిన్ను ఉద్యోగంలోంచి తీసేసినారు. నీ సంతకం చెల్లదు."

"సంతకం చెల్లకపోతే పోనీలే," అన్నాను కలం మూత పెట్టుకుంటూ. "అంకె చెల్లుతాది."